రిమార్కుల గడి

చారకొండ సబ్‌స్టేషన్‌ల రాత్రి డ్యూటీ అంటే
గంటకోసారి లేచి మీటర్లు చూసుడు,
ఓల్టు, ఆంపు, లోడు పుస్తకంల ఎక్కిచ్చుడు.
మిగిలిన యాభై నిమిషాలు
ట్రాన్స్‌ఫార్మర్ గురక వినుకుంట కూసునుడు.

పుష్యమాసం. కంకర మీద కుర్చీ ఏసుకుంటే
ఉత్తరం దిక్కు ఇనుప కమ్మీల మీదంగ ఒక చుక్క.
పొద్దుమీకి నిండుగుండె.
ఒంటిగంటా నలభైకి తలెత్తితే కుంగిపోయింది.
మబ్బు లేదు, మంచు లేదు.
రూపాయి వెలుగుల ముప్పై పైసలే మిగిలినయి.
అలవాటు చెయ్యి కదా,
రిమార్కుల గడిల రాసింది:
1.40. డిమ్.

మూడోనాడు మల్ల. పదీ ఇరవైతొమ్మిదికి.
ఇంకో మూడొద్దులకు ఏడూ పద్దెనిమిదికి,
నేను టిఫిన్ గిన్నె మూత తీస్తుంటె.
లెక్క కట్టిన.
రెండు రోజులు, ఇరవై గంటలు, నలభైతొమ్మిది నిమిషాలు.
వ్యవసాయం ఫీడర్‌కు గూడ
ఇంత నికరమైన టైమ్‌టేబుల్ నేనెన్నడు చూడలే.

లైన్‌మన్ మహబూబలి తాత కల్వకుర్తిల ఉర్దూ పంతులు.
"రాస్ అల్ గూల్" అన్నడు చాయ్ ఊదుకుంట,
"గూల్ తలకాయ. దిక్కులేని మైదానంల
దారి మళ్లించి మనుషుల తినే దయ్యం.
అది కన్ను మూస్తుంటె లెక్కపెట్టొద్దనేటోడు తాత.
నువ్వు ఏకంగ రిజిస్టర్ల ఎక్కిచ్చినవ్!"

కంచె అవతలి చేన్ల గొర్ల మంద ఆపింది బీరమ్మ.
సెల్లు చార్జింగు పెట్ట వచ్చి మా మాట విన్నది.
ఆమె మామ దాన్ని కొరివి అంటుండెనట,
గట్ల మీద మండుకుంట, ఆరుకుంట పోయే కొరివి దయ్యం.
కొంచెంసేపు ఆగి తనే అన్నది:
"దయ్యమైతే చెప్పిన టైముకు ఎందుకొస్తది?"

ఫోన్ల ఎతికి చదివి చెప్పిన ఇద్దరికి.
అది ఒకటి గాదు, రెండు.
ఒకటి నీలంగ, తెల్లగ, కణకణ.
ఒకటి ఎర్రమన్ను రంగు, మబ్బుగ, ఒళ్లంత ఉబ్బి.
ఒకదాని చుట్టు ఒకటి.
మబ్బుది మెరిసేదానికి అడ్డమొస్తె మనకు చీకటి.
ఒకప్పుడు ఆ మబ్బుదే బరువుదట.
తన బరువంత ధారగట్టి పక్కదానికి పోసింది.
ఇంక పోస్తనే ఉన్నది.

బీరమ్మ మంద దిక్కు చూసింది.
కవల పిల్లలు మోకాళ్ల మీద వంగి
పొదుగును కుమ్ముతున్నయి.
ఆ గొర్రె నిలబడి నెమరేస్తున్నది.
"పోసినదాన్నా దయ్యమన్నరు" అన్నది,
"తాగినదాన్నా?"
మహబూబలి గ్లాసు కడగబోయిండు.

శనివారం ఇంజనీరు సారు తనిఖీకొచ్చిండు.
పుస్తకం తిప్పుకుంట ఆగిండు.
"ఈ డిమ్ ఏంది? ఏ ఫీడర్?"
"మన లైన్ గాదు సార్.
తొంభై ఏండ్ల కింద బయల్దేరింది, ఇప్పుడందింది.
అది పోయిన రాత్రి ఈ ఊర్ల తీగె లేదు, స్తంభం లేదు.
నిజాం జమానా. కందిలి కాలం."
సారు నా మొఖం దిక్కు చూసిండు,
సీసా వాసనొస్తదేమోనని దగ్గరకొచ్చిండు.
ఎర్ర పెన్ను తీసి
డిమ్ అన్న మాట కొట్టేసిండు.
టైములు కొట్టెయ్యలే.
మరిచిండో, ఉంచిండో.

పేరేం రాయాల్నో నాకు తెల్వది.
గూల్ అని రాస్తె చేతులొస్తలేదు,
కొరివి అంటె బీరమ్మ ఒప్పుకోదు.
పేరు లేకుంటనే లెక్క నడుస్తున్నది.

మల్లొచ్చేది సాయంత్రం నాలుగూ ఏడుకు.
ఎండ ఉంటది. డ్యూటీ వేరేటోనిది.
ఎవరికీ అగుపడకుంట
పోసేది, తాగేదాని ముంగటి నుంచి నడిచిపోతది.
గడిల ముందే రాసిపెట్టిన:
4.07.